మంచం పలక మీద మాతృభాష

యుద్ధం జరిగిన ఆ వేసవిలో నన్ను సరిహద్దుకు కాస్త వెనకనున్న సైనిక ఆసుపత్రిలో వేశారు. పాల్వంచ కంపెనీ కాలనీలో పెరిగిన నాకు నర్సింగ్ ఆఫీసర్‌గా అది రెండో పోస్టింగ్. హోదా లెఫ్టినెంట్. మా పై అధికారి ఒక కల్నల్, శస్త్రవైద్యుడు. కోపిష్ఠి, కానీ రోగి మంచం దగ్గర వెన్నలా కరిగిపోయేవాడు.

తలకు దెబ్బ తగిలినవారిని మేం మూడు విధాలుగా చూస్తాం: కళ్లు తెరుస్తున్నాడా, సరిగా మాట్లాడుతున్నాడా, చెప్పినట్టు చేయి కదుపుతున్నాడా. ఆశ ఉన్నవాళ్లు ముందు పెద్దాసుపత్రికి వెళ్తారు. ఆ ఉదయం హెలికాప్టర్‌లో ఒక్క స్ట్రెచర్‌కే చోటుంది.

ఒక జవాను కళ్లు తెరిచి ఏదో గొణుగుతున్నాడు. డ్యూటీ కెప్టెన్ హిందీలో ఎంత అడిగినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ‘అర్థం లేని శబ్దాలు’ అని రాసుకుని, ఇతన్ని ఆపి పక్క మంచం వాణ్ణి పంపుదామన్నాడు. ఆపితే అతను దక్కడని మా అందరికీ తెలుసు.

ఆ గొణుగుడు నాకు కొత్తగా లేదు. చిన్నప్పుడు క్రిస్మస్‌కు మా పాస్టరుగారు మమ్మల్ని ములకలపల్లి అవతలి అడవి పల్లెలకు పాటలకు తీసుకెళ్లేవారు. అక్కడ విన్న మాట అది. సర్, ఇది కోయ భాష అన్నాను. దెబ్బ తిన్న మెదడు నేర్చుకున్న భాషను వదిలి తల్లి భాషను పట్టుకోవడం మామూలే. కల్నల్ నన్ను ముందుకు నెట్టాడు. వచ్చీరాని కోయలో తల నొప్పిగా ఉందా అని అడిగాను. ఉందన్నాడు. కాసేపు నా మొహం చూసి ఇంకేదో అడిగాడు.

ఏమంటున్నాడని కల్నల్ తొందరపెట్టాడు.

నేను ఎవరి బిడ్డనో, ఏ ఊరో అడుగుతున్నాడని చెప్పేటప్పటికి నాకు ఏడుపొచ్చింది. మా వైపు కొత్త మనిషి కనబడితే మొదట అడిగేది అదే. కల్నల్ పెద్దగా నవ్వి, బుర్ర నిక్షేపంగా ఉంది, ఎక్కించండన్నాడు. పెద్దాసుపత్రిలో మళ్లీ పొరపడకుండా ఒక పలక మీద ‘కోయ’ అని రాయించి అతని స్ట్రెచర్‌కు కట్టించాడు.

మర్నాటి నుంచి ప్రతి మంచానికీ ఒక పలక వేలాడింది. దాని మీద రక్తం గ్రూపు, కింద మాతృభాష. ఆ భాష వచ్చినవాడు వంటవాడైనా, డ్రైవరైనా, మంగలైనా వార్డుకు పిలిపించాల్సిందే. దెబ్బ తిన్న జవాను నోట ఏ భాష వస్తే ఈ వార్డులో అదే దేశభాష అని కల్నల్ కొత్తగా వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. అంతవరకు మా దక్షిణాదివాళ్లను గంపగుత్తగా మద్రాసీలన్న జవాన్లు, నీ భాషేది అని ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు. ఆయన బదిలీపై ఎక్కడికి వెళ్తే పలకలూ అక్కడికి వెళ్లాయని విన్నాను.

రిటైరయ్యాక ములకలపల్లి దగ్గర ఆ జవాను ఇంటికి వెళ్లాను. ఇప్పటికీ మాట కొంచెం నిదానం. వాకిట్లో మంచం వాల్చి, ఇరుగుపొరుగును పిలిచి చెప్పాడు:

“మిలిటరీల చేరినప్పుడు హిందీ రాదని నవ్విండ్రు. గా డాక్టరు సారు నా పలక మీద కోయ అని రాయించిండు. అవ్, గప్పుడు ఎరుకైంది నాకు, నేను కొట్లాడింది నా దేశం కోసమేనని.”

రోగి మాట అర్థం కాకపోతే, లోపం అతని మెదడులో ఉందని రాసేముందు మన చెవిలో ఉందేమో చూసుకోవాలి. ఆ తర్వాత నా చేతికింద పనిచేసినవాళ్లందరికీ మొదటి రోజు చెప్పింది ఇదే.