బోహెన్‌కి రుచి చెప్పాలి

బోహెన్ తినడు, తిన్నవాళ్ళని రుచి చెప్పమంటాడు. కుమాసీ పట్నంలో మా సందులో ఏ ఇంట పులుసు పొంగినా చిన్న ముక్కాలిపీట చంకన పెట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. తినేటప్పుడు మనిషి కనబడితే "రా, చెయ్యి కలుపు" అనకుండా ముద్ద ఎత్తం మేము. ఆ మర్యాదే అతనికి పాసు.

"నాకొద్దు, మీరు కానివ్వండి. మిరప ముందు నాలుకకు తగిలిందా, చెవులకా?" అంటాడు.

"బాగుంది" అంటే ఊరుకోడు. "బాగుందని పెళ్ళికూతుర్ని చూసి చెప్పండి. పులుసు సంగతి సరిగ్గా చెప్పండి."

ఏడాది తిరక్కుండా సందులో సగం మంది తలుపులు వేసుకుని తినడం నేర్చుకున్నారు.

ముప్పై ఏళ్ళు లారీ నడిపినవాడు. దారి పక్కన మంటలాంటి పులుసుతో ఫుఫూ ముద్దలు పట్టించి, వెంటనే స్టీరింగు మీద వాలి కునుకు తీసినవాడు. పొట్టలో పులుపు పైకి ఎగదన్ని, గొంతు కింది గొట్టాన్ని కాల్చీ కాల్చీ లోపలి పొరనే మార్చేసింది. డాక్టరమ్మ ఏడాదికోసారి కెమెరా దింపి, చిటికెడు కండ గిల్లి పరీక్షకు పంపుతుంది.

"క్యాన్సరా?" అని అడిగాను.

"కాదు వదినా. క్యాన్సర్ ఊరికి పోయే రోడ్డు. బండి ఆపి పెట్టాం. బ్రేకు మీంచి కాలు తియ్యకూడదంట."

మిరప, టమాటా బంద్. పరగడుపున మాత్ర. పొద్దు గూకకముందే భోజనం. మంచానికి తలవైపు కోళ్ళ కింద సిమెంటు ఇటుకలు.

"నిద్రలో జారిపోతున్నా వదినా. తెల్లారేసరికి మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నయ్."

"లారీ ఎక్కడా బోల్తా కొట్టలేదని గొప్పలు పోతావు, మంచం నడపలేవా?" అన్నాను.

వీటన్నిటినీ ఓర్చుకున్నాడు గానీ, ప్రతి ముద్దా మెత్తగా నమలమన్నప్పుడు మాత్రం ఏడుపు ముఖం పెట్టాడు. ఫుఫూని నమిలేవాణ్ణి మావాళ్ళు మనుషుల్లో కలపరు. అది జారాలి. దాని సుఖమంతా గొంతు దిగేటప్పుడే.

మా ఆయనకు ఇతను ప్రాణస్నేహితుడు. ఆయన పోయాక నేను రోకలి మూలన పెట్టేశాను. ఫుఫూకి ఇద్దరు కావాలి. ఉడికిన కర్రపెండలం, అరటికాయ ఒకరు దంచుతుంటే, ఒకరు రోట్లో చెయ్యి పెట్టి ముద్ద తిప్పాలి. నలభై ఏళ్ళు ఆయన దంచాడు, ఒక్కరోజు నా వేలు నలగలేదు. ఇంకెవరి రోకలి కిందా చెయ్యి పెట్టబుద్ధి కాలేదు.

మూడో నెలలో బోహెన్ వచ్చి రోకలి అందుకున్నాడు.

"నేను దంచుతా. నువ్వు తిని చెప్పు."

"నేనేమన్నా నీ నాలుకనా?"

"అద్దెకు తీసుకున్నాననుకో."

అప్పటినుంచి ప్రతి మధ్యాహ్నం దంచేది అతను, తినేది నేను. బడికి మూడేళ్ళే వెళ్ళినా నా నోటికి ఎవరూ తాళం వెయ్యలేదు. "ఈరోజు మిరప తలుపు కొట్టలేదు, గోడ దూకింది. వెనకే చేప వచ్చి సర్ది చెప్పింది" అనేదాన్ని. కళ్ళు మూసుకుని గుటక వేసేవాడు. ఒట్టి గుటక. అది చూస్తే నాకు ముద్ద దిగేది కాదు. అందుకని తిట్టేదాన్ని.

పోయిన నెల కండ పరీక్ష ఫలితానికి తోడు రమ్మన్నాడు. ముదిరితే కోత తప్పదని ముందే చెప్పారట. ఆసుపత్రి బెంచీ మీద పక్కనే ఒకావిడ డబ్బా విప్పి తింటుంటే కూడా ఏమీ అడగలేదు. అప్పుడు తెలిసింది నాకు, ఎంత భయపడుతున్నాడో.

డాక్టరమ్మ కాగితం చదివి, "ముదరలేదు. పోయినేడు ఉన్నట్టే ఉంది" అంది. అతను మాత్రలు తేవడానికి వెళ్ళగానే నావైపు తిరిగింది.

"పెద్దమ్మా, ఆ వదిన మీరేనా? అతనితో, పులుసు దగ్గర కూర్చోవద్దు, ఏదో ఒకరోజు నోరు ఆగక తినేస్తావు అని ఎన్నిసార్లు చెప్పానో. వినడు. 'నేను పోకపోతే ఆవిడ టీ, బ్రెడ్డుతో పొద్దుపుచ్చుతుంది. రుచి ఎవరికన్నా చెప్పాల్సి వస్తేనే వండుతుంది' అంటాడు."

ఇంటికొచ్చే దారిలో వంకాయలు కొన్నాను.

మర్నాడు చేప, వంకాయలు మాత్రం వేసి పులుసు కాచాను. అతను దంచడం కాగానే చిన్న గిన్నెలో ఇంత ఫుఫూ పెట్టి, పులుసు పోసి ముందుకు తోశాను.

"మిరప వెయ్యడం మర్చిపోయా. పారబొయ్యలేను, తిను. నములు కూడా. ఎవరూ చూడట్లేదు" అని తలుపు మూశాను.

చాలాసేపు నమిలాడు.

"ఎట్లా ఉంది?" అన్నాను.

"ఇది పులుసు కాదు వదినా, చేతులు కడుక్కునే నీళ్ళు" అంటూ ఖాళీ గిన్నె మళ్ళీ చాచాడు.

కొంచెం కొంచెమే తినాలంది డాక్టరమ్మ. పెట్టలేదు. రేపు రమ్మన్నాను.