వచ్చే ఏటి వేట

అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు తీరంలో నలభై ఏళ్లుగా పెద్ద రొయ్యల్లాంటి లాబ్‌స్టర్లు పడుతున్న లోవెల్ బీల్ రేపటి వేట గురించి నోరెత్తడు. ఎవరైనా అడిగితే టోపీ అంచు కిందికి లాక్కుని, ఉప్పునీటికి పగిలిన బొటనవేలిని చూసుకుంటాడు. ముందే చెబితే సముద్రం విని గుప్పిట మూసేస్తుందని అతని నమ్మకం. అలాంటివాణ్ణి నవంబరులో భార్య థెల్మా ఊరి గ్రంథాలయానికి లాక్కొచ్చింది. ఆమె గుండెకు ఆపరేషన్ చేయాలి, జనవరికల్లా ఆరోగ్య బీమా కావాలి. అక్కడ ఫారాలు నింపిపెట్టే కోరీన్ రెండు బీమా ప్లాన్లు ఓపిగ్గా వివరించి, "వచ్చే ఏడాది మీ ఆదాయం ఎంతుంటుంది, లోవెల్ గారూ?" అని అడిగింది.

"లాబ్‌స్టర్లనే అడుగమ్మా."

"అంకె వేస్తేనే ప్రీమియంలో సర్కారు రాయితీ ఎంతో తేలుతుందండీ. తక్కువ చెప్పి ఎక్కువ సంపాదిస్తే తర్వాత తిరిగి కట్టాలి. ఎక్కువ చెబితే నెలనెలా మీరే మోయాలి."

లోవెల్ టోపీ అంచు కిందికి లాక్కున్నాడు. థెల్మా ఆయాసపడుతూ, "పోనీ, నేను చెబుతాలే" అంది.

"నువ్వు నోరు మూసుకో!"

గదిలో అందరూ తలలెత్తారు. అతను గొంతు తగ్గించాడు. "ముందే చెబితే వచ్చే కీడేదో నామీదే పడనీ. నీకున్నది చాలు." టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, ముప్ఫై ఎనిమిది వేల డాలర్లని చెప్పాడు. ప్రీమియం వాళ్లు కట్టుకోగలిగినంతే వచ్చింది. థెల్మా అతని చేయి పట్టుకుంది.

మర్నాడు మొదటి బోను నీళ్లలోంచి పైకి వస్తుంటే, ఖాళీగా ఉందేమోనని లోవెల్ కళ్లు పక్కకు తిప్పుకున్నాడు.