సైకిల్ ట్యూబు మీద తిరిగిన పాట

మొన్న ఆదివారం సాయంత్రం విజయనగరం గంటస్తంభం దగ్గర మిరపకాయ బజ్జీల కోసం నిలబడి ఉండగా, బజ్జీలు వేస్తున్న ఆయన ఒంటి మీది నల్ల బనీను చూసి జనాన్ని తోసుకుని ముందుకు వెళ్ళాను. గొలుసులు తెంచుకుని మీదికొస్తున్న దున్నపోతు తల, కొమ్ముల మధ్య మంట, కింద ముళ్ళకంప లాంటి ఇంగ్లీషు అక్షరాలు. అదొక ఇంగ్లీషు పాటల బ్యాండు గుర్తు, ఒకప్పుడు ఆ బొమ్మంటే మేము ప్రాణం పెట్టేవాళ్ళం. అది ఎవరి బొమ్మో తెలుసా అని అడిగితే ఆయన బనీను కిందికి లాగి ఒకసారి చూసుకుని, "ఏటో బాబూ, సంతలో పోగేసి అమ్మితే కొన్నాను. నల్లదయితే నూని మరక అగుపడదు గదా" అన్నాడు. మామూలుగా అయితే ఆ మాటకు నాకు ఒళ్ళు మండాలి. మండలేదు. ఆ బొమ్మ గురించి సమస్తం తెలిసినవాళ్ళు ఈ మధ్య వెలగబెట్టిన పని ముందు, ఏమీ తెలియని ఈ మనిషి ఎంతో నయమనిపించాడు.

నా ఈడువాళ్ళకు చెబుతున్నాను కాబట్టి క్యాసెట్టు అంటే ఏమిటో వివరించక్కరలేదు. పెన్సిలు పెట్టి టేపు చుట్టుకున్న ముచ్చట కూడా ఎత్తను, అది అందరూ చెప్పి చెప్పి అరగదీశారు. నేను చెప్పేది మా బావ సంగతి. మా మేనత్త కొడుకు, నాకంటే కాస్త పెద్దవాడు, సాలూరులో లారీలు ఆగే చోట క్యాసెట్ల కొట్టు పెట్టుకున్నాడు. లారీ లేనిదే సాలూరు లేదు కదా, కొండల మీది ఘాటీ రోడ్డు ఎక్కి రాయపూర్ వైపో, ఇటు తిరిగి కలకత్తా వైపో పోయే డ్రైవర్లంతా దారిలో వినడానికి పాటలు ఎక్కించుకోవడానికి మా బావ దగ్గరికే వచ్చేవారు. కొత్త క్యాసెట్టు కొనడం దండగనుకునేవాళ్ళు పాతది తెచ్చి, ఉన్న పాటలు చెరిపేసి దాని మీదే కొత్తవి ఎక్కించమనేవారు. నేను విజయనగరంలో కాలేజీ చదువు వెలగబెడుతూ, శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి సాలూరు బస్సు ఎక్కేసేవాణ్ణి. చదువు మీద శ్రద్ధ ఆ బస్సు మీద ఉన్నంత ఉంటే ఇంకోలా ఉండేవాణ్ణేమో.

అలాగే ఒకసారి కలకత్తా నుంచి వచ్చిన డ్రైవరు ఒకాయన, అక్కడ రోడ్డు పక్కన పాత సామాన్లలో ఏరుకొచ్చిన క్యాసెట్టు ఒకటి ఇచ్చి, ఇందులో ఉన్నదంతా తుడిచేసి అయ్యప్ప భజనలు ఎక్కించమన్నాడు. దాని మీద ఉన్నదే ఈ దున్నపోతు తల. తుడిచేముందు ఏముందో విందామని బావ పెట్టాడు. విన్నాడు, ఇంక తుడవడానికి చెయ్యి రాలేదు. అలాగని డ్రైవరు మాట కాదనలేడు, లోడు దింపే లోపల ఇచ్చేయాలి. మంచి టేపు డెక్కు మీద గిరాకీల పని నడుస్తోంది. అందుకని మూల పడేసిన పాత డెక్కు తీసి, అందులో దున్నపోతు క్యాసెట్టు తిప్పుతూ, దాని పాటలు మొత్తం పక్కన ఇంకో టేపురికార్డరులో పెట్టిన ఖాళీ క్యాసెట్టు మీదకు దించేసుకున్నాడు. ఆ తరువాత అసలు క్యాసెట్టు భజనలై ఘాటీ ఎక్కి వెళ్ళిపోయింది. ఆ పాత డెక్కుకు లోపల తిప్పే బెల్టు అంతకుముందెప్పుడో తెగిపోతే, అలాంటి బెల్టు సాలూరులో దొరక్క, బావ సైకిల్ ట్యూబును సన్నగా కోసి వేశాడు. అప్పట్లో ఆ సంగతి మాకు తెలియదు, తెలిసినా అదో ఘనకార్యమని మెచ్చుకునేవాళ్ళమే తప్ప ఇంకేమీ ఆలోచించేవాళ్ళం కాదు.

ఆ పాటల్ని ఏమని చెప్పను. ఇంగ్లీషు మాటలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు. గిటార్లు ఇనుము కోసినట్టు, పాడేవాడి గొంతు బావిలోంచి వచ్చినట్టు, డప్పులు మాత్రం నిదానంగా, నిండు లోడుతో మొదటి గేరులో ఘాటీ ఎక్కుతున్న లారీలాగా. బావ దానికి పెట్టిన పేరే 'లోడు బండి పాట'. సినిమా పాటలు మా బాధలు ఏవీ పట్టించుకోకుండా పాడుకుంటూ పోయేవి, ఈ గొంతు మాత్రం మాతోపాటు బరువు మోస్తున్నట్టుండేది. ఊళ్ళో అందరూ పిచ్చి కేకలనేవారు. అనేకొద్దీ మాకు పిచ్చి ముదిరింది.

మేము నలుగురం. బావ, నేను, నాతో కాలేజీలో చదివి తరువాత మా ఆవిడ చెల్లెల్ని చేసుకుని నాకు తోడల్లుడైనవాడు ఒకడు, కళింగపట్నం నుంచి ఎండుచేపల లోడుతో వచ్చే చేపల వ్యాపారస్తుల పిల్లవాడు ఒకడు. ఈ కళింగపట్నం వాడూ మా బావా నేస్తం కట్టుకున్నారు. మా వైపు నేస్తం కట్టడమంటే ఉత్త స్నేహం కాదు, ఒకరికొకరు కొత్త బట్టలు పెట్టుకుంటారు, ఆ రోజు నుంచి పేరు పెట్టి పిలుచుకోరు, కష్టానికీ సుఖానికీ సొంత చుట్టం కంటే ముందు నిలబడాలి. వీళ్ళు బట్టలతో పాటు ఆ దున్నపోతు పాటల క్యాసెట్టు కూడా ఇచ్చిపుచ్చుకున్నారు. మా మేనత్త నవ్వలేక చచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు తలుపు సగం దించి వినేవాళ్ళం. అందుకో నియమం ఉండేది. రెండు వైపులూ పూర్తయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, విప్పినవాడు అందరికీ టీ పోయించాలి. తరువాతే మాటలు, వాదనలు, ఒక్కోసారి చొక్కాలు పట్టుకునేదాకా. నోరు ఆపుకోలేక ఎక్కువసార్లు టీ పోయించినవాడు మా తోడల్లుడే. ఆ రోజుల్లో వాడంటే నాకు ఎంతో ఇష్టం.

తరువాత ఉద్యోగాలూ సంసారాలూ వచ్చాయి. నేను బడిపంతులునయ్యాను, తోడల్లుడు బ్యాంకులో పెద్ద కుర్చీ దాకా వెళ్ళాడు, నేస్తం పడవల మీద పడవలు కొన్నాడు. బావ కొట్టు మాత్రం క్యాసెట్లతోపాటే పడుకుంది. తరువాత ఫోన్లకు డబ్బులు వేసే కొట్టయింది, ఆ పైన అదీ మూతపడింది. దున్నపోతు బ్యాండువాళ్ళు కూడా ఈలోగా విడిపోయారు. మళ్ళీ ఈ ఫోన్లు వచ్చాక తోడల్లుడే పూనుకుని ఒక వాట్సాప్ గుంపు పెట్టాడు, మా ద్వారా ఆ పాటల పిచ్చి అంటుకున్న మరికొందరు విజయనగరం, సాలూరు వాళ్ళు కూడా చేరారు. అందులో బావే గురువు. పొద్దున్నే బావ ఒక మాట పెడితే అందరూ దండాలు పెట్టేవారు. కొట్టు పోయింది, చేతిలో పని లేదు, ఇంట్లో లెక్కచేసేవాళ్ళు తక్కువ. ఆ గుంపులో మర్యాద ఒక్కటే ఆయనకు మిగిలిన ఆస్తి.

ఇంటర్నెట్టులో ఆ పాత పాటలు విన్నప్పుడు అవి మాకు తెలిసినదానికంటే గబగబా, సన్నగా వినిపించాయి. దానికి మా గుంపు ఒక సిద్ధాంతం కనిపెట్టింది. ఇప్పటి పిల్లలకు ఓపిక లేదు కాబట్టి కంపెనీవాళ్ళు పాతవాటి వేగం పెంచి అమ్ముతున్నారు, అసలు పాట మన దగ్గరే ఉంది. ఈ సిద్ధాంతం మీద పేజీలకు పేజీలు రాసినవాడు ఎవరనుకున్నారు? మా తోడల్లుడు. నేనూ నమ్మాను, సిగ్గేమీ లేదు.

ఇదిగో ఈ ఏడు ఆ ముసలి దున్నపోతులు మళ్ళీ ఒకచోట చేరి కొత్త ఆల్బం విడుదల చేశారు. బావ చిన్నపిల్లవాడైపోయాడు. అందరూ సాలూరు రండి, పాత పద్ధతిలో నోరు మూసుకుని విందాం, కోడికూర నేనే వండుతానని పిలిచాడు. ఎవరూ ఆగలేదు. విడుదలైన గంటకే ఎవరి ఫోనులో వాళ్ళు వినేసి గుంపులో కొట్టుకోవడం మొదలుపెట్టారు. తోడల్లుడు అద్భుతమన్నాడు, ఈ వయసులో వాళ్ళు అలా దూకుతుంటే మనమే చతికిలపడ్డామన్నాడు. మరి కొందరు వీళ్ళు పాత పేరు అమ్ముకుంటున్నారన్నారు. చివరికి బావ గొంతుతోనే ఒక మాట పంపించాడు. "ఎందుకురా ఇలగ లగెత్తుతన్నారు ఈలు? బరువేదిరా? ఖాళీ బండి రోడ్డు మీద ఎగిరినట్టున్నాది."

గురువు తన మాట కాదన్నాడని తోడల్లుడికి రోషం వచ్చింది. హైదరాబాదులో ఎక్కడో మా క్యాసెట్టులోని ఆల్బందే, మొదట వచ్చిన నల్ల రికార్డు ప్లేటు సంపాదించి, ఇంట్లో తిప్పి, వీడియో తీసి గుంపులో పెట్టాడు. ఆ ప్లేటులోనూ పాట గబగబానే ఉంది. కంపెనీ వేగం పెంచిందన్న సిద్ధాంతం అక్కడితో కూలిపోయింది. అప్పుడు బావ, ఎవరూ అడక్కుండానే, నవ్వుతూ ఇంకో మాట పంపించాడు. "ఒరే, అయితే అది నా ట్యూబేరా! పాత డెక్కుకి బెల్టు లేక సైకిల్ ట్యూబు కోసి ఏసినాను గదా, అది సాగిపోయి నెమ్మదిగా తిరిగుంటాది. మనం ఇన్నాళ్ళూ ఇన్నది సైకిల్ బండిరా!"

ఆయన ఆ మాట ఎలా అన్నాడో నాకు తెలుసు. ఇదీ కొట్లో టీ తాగుతూ నవ్వుకునే సంగతే అనుకున్నాడు. కలిసి నవ్వుతారనుకున్నాడు. వీళ్ళు ఆయన్ని చూసి నవ్వారు. కళ్ళనీళ్ళు కార్చుకుంటూ నవ్వే ఆ పచ్చమొహాల బొమ్మలు వరుసగా వచ్చి పడ్డాయి. ఒకడు సైకిల్ ట్యూబు బొమ్మ పెట్టాడు, ఇంకొకడు గుంపు పేరే సైకిల్ ట్యూబు అని మార్చాడు. తోడల్లుడు, "నా యవ్వనమంతా పంచరు ట్యూబులో పోశావు బావా" అని రాశాడు. అంతవరకూ సరే, వాడి నోరు ఎప్పుడూ అంతే. నేస్తం కట్టుకున్నవాడు, కొత్త బట్టలు పెట్టించుకున్నవాడు, "ఎండుచేపని సెప్పి తోలుముక్క నమిలించినావు గదా నేస్తం" అన్నాడు. దానికి అందరికంటే ఎక్కువ పచ్చమొహాలు వచ్చాయి. కాసేపటికి బావ గుంపులోంచి వెళ్ళిపోయినట్టు ఒక్క లైను కనిపించింది.

తప్పుగా విన్నది అందరం, సిద్ధాంతం రాసింది తోడల్లుడు, పరువు పోయింది మాత్రం మా బావది. తాము నలుగురిలో వెర్రివాళ్ళమయ్యామన్న ఉక్రోషాన్ని దులుపుకోవడానికి వాళ్ళకు ఒక మనిషి కావలసి వచ్చాడు, ఆయన అమాయకంగా ఎదురొచ్చాడు. నేను ఆ మాటే గుంపులో రాశాను, ఇంకా నాలుగు ఘాటైన మాటలు కూడా కలిపాను. సరదాకి అన్నామండీ అని సమాధానం. సరదా! నేనూ బయటికి వచ్చేశాను. ఇప్పుడు మా ఆవిడా వాళ్ళ చెల్లెలూ ఫోనులో కూరల సంగతులు తప్ప మాట్లాడుకోవడం లేదు, అది నా పుణ్యమేనట.

తరువాతి ఆదివారం సాలూరు వెళ్ళాను. గజపతినగరం దాటిందగ్గర నుంచీ దారి పొడవునా నేను ఫోనుతోనే కుస్తీ పట్టాను, దాంట్లో పాట వేగం తగ్గించే వీలుందని మా కోడలు చూపించింది. కొత్త ఆల్బాన్ని అలా తగ్గించి వినిపిస్తే బావ ముఖం మళ్ళీ వెలుగుతుందని నా ఆశ. ఇంట్లోకి వెళ్ళేసరికి పాత డెక్కు ఎప్పుడూ ఉండే గోడవార బల్ల ఖాళీగా ఉంది. డెక్కు ఏదని అడిగాను. "పాత ఇనప సామాన్లోడికి ఇచ్చీసినాను. ఇంకెవులిని మోసం సెయ్యాల?" అన్నాడు. ఫోను ఆయన ముందు పెట్టి పాట తిప్పాను.

బావ కళ్ళు మూసుకుని, అలవాటుగా అరచెయ్యి బల్ల మీద ఆనించి విన్నాడు. పాట నెమ్మదించింది. కానీ గొంతు కిందికి దిగలేదు. ఆ యంత్రం ఎంత తెలివైనదంటే, వేగం తగ్గించినా పాడేవాడి గొంతు మారకుండా కాపాడుతుందట. ట్యూబుకు ఆ తెలివి లేదు, అది పాటను మొత్తంగా కిందికి లాక్కుపోయేది. మొదటి పాట కాకుండానే బావ కళ్ళు తెరిచాడు. "ఆపియ్యిరా. నెమ్మదయినాది గానీ లోడెక్కలేదు." వీధిలోకి చూస్తూ, "నేస్తం ఏటైనా ఫోను సేసినాడేటి నీకు?" అని అడిగాడు. చేయలేదని చెప్పకుండా, సముద్రం మీద ఉన్నాడేమో అన్నాను. వాడు సముద్రం మీదికి వెళ్ళడం మానేసి చాలా ఏళ్ళయిందని ఇద్దరికీ తెలుసు. కోడికూర వండాడు, తిన్నాం.

ఇప్పుడు పాట ఎవరికి కావాలంటే వాళ్ళ జేబులో, తీసినవాడు తీసిన వేగంతోనే ఉంది, ట్యూబులు సాగవు, భజనల కింద పాటలు చెరిగిపోవు. అందరూ సరిగ్గానే వింటున్నారు. మేము తప్పుగా విన్న రోజుల్లో ఆ తప్పు నలుగురి మధ్య ఒక్కటే ఉండేది, దాన్ని పట్టుకుని తలుపు సగం దించుకుని కూర్చునేవాళ్ళం. తిరుగు బస్సులో నేను చెవుల్లో వైర్లు పెట్టుకుని ఆ కొత్త ఆల్బం మొదటినుంచి చివరిదాకా సరైన వేగంతోనే విన్నాను. బాగానే ఉంది, మా తోడల్లుడు అన్నది నిజమే. మధ్యలో ఒకచోట ఆగలేక ఆ మాట పైకే అనేశాను. పక్క సీటాయన ఒకసారి నా వైపు చూసి మళ్ళీ తన ఫోనులోకి తల దించుకున్నాడు. టీ పోయించమని అడిగేవాడు ఆ బస్సులో ఒక్కడూ లేడు.