మా మామగారి విశ్వరూపం ఎందుకు ఆగిపోయింది

కౌరవ సభలో శ్రీకృష్ణుణ్ణి కట్టిపడేయాలని చూసిన దుర్యోధనుడికి ఆ పని చేతకాలేదు. అశోక్‌నగర్‌లో మా ఇంటి మూడో అంతస్తులో కూర్చుని నేను చేసి చూపించాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. ఎవరెవరు నవ్వారో గుర్తుపెట్టుకునే అలవాటు నాకుంది.

మా మామగారు ఇరవై ఏళ్లుగా నాటకాల్లో భటుడు. "చిత్తం ప్రభూ" తప్ప ఇంకో మాట పలికే యోగం లేదు. అరవై ఎనిమిదో ఏట కృష్ణుడి వేషం దక్కింది. ఆదివారం చిక్కడపల్లిలో ప్రదర్శన. ఆయన చేయెత్తగానే వెనక తెర మీద ఐదు తలల కృష్ణుడు లేవాలి. నేనప్పుడే వీడియో ఎఫెక్ట్స్ నేర్చుకుంటున్నాను. "ఆ వీడియో నేను చేస్తాను మామయ్యగారూ" అన్నాను.

"అది కూర తరిగినట్టు కాదేమోనమ్మాయ్" అన్నారాయన, బృందం మొత్తం వింటుండగా.

ఆ మాట ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది.

మేడ మీద ఆయన్ని నిలబెట్టి వీడియో తీశాను. వెనక ఒకే రంగు గుడ్డ ఉంటే కంప్యూటరు ఆ రంగుని చెరిపేస్తుందట. ఆకుపచ్చ గుడ్డ కడితే దానితోపాటు నెమలి పింఛం మాయమైంది. నీలం గుడ్డ కడితే ఏకంగా కృష్ణుడే మాయమయ్యాడు. ఇక గతిలేక రోటోస్కోపింగ్‌కి దిగాను. అంటే సెకనుకి పాతిక బొమ్మలు, ప్రతి బొమ్మలోనూ మనిషి చుట్టూ చేత్తో గీత గీసి కత్తిరించడం. అయితే గీత గీయగానే కృష్ణుడు కాడు. పింఛం చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ప్రతి బొమ్మకీ కొత్తగా గీయడం వల్లే ఆ వణుకని కనిపెట్టి, పది బొమ్మలకోసారి గీసి మధ్యవి యంత్రానికి వదిలేశాను. జ్వరం తగ్గింది.

అసలు కథ రెండరింగ్ దగ్గర మొదలైంది. ముక్కలన్నీ కలిపి ఒక్క వీడియోగా వండి వార్చే పని అది. మొదటిసారి ఎనభై శాతం దగ్గర ఆగింది. రెండోసారి అరవై. మూడోసారి నలభై ఐదు. తెర మీద ఏదో నంబరు, ఒక 'సారీ'. అంతే.

ఒకేచోట ఆగితే ఏదో తప్పనుకోవచ్చు. ప్రయత్నించేకొద్దీ ముందే ఎందుకు చస్తోంది? కరెంటు అనుకుని ఇంట్లో మిక్సీ ఆపించాను. పచ్చడి లేని రెండు రోజులు గడిచాయి. వేడి అనుకుని కూలర్ కంప్యూటరు వైపు తిప్పి, మామగారిని చెమటకి వదిలేశాను. ఈసారి ముప్పై ఒకటి.

నారాయణగూడలో ఈ కంప్యూటరు అమ్మిన యాదగిరికి ఫోన్ చేశాను. ఇతనితో పాత లెక్క ఒకటుంది. కొన్న వారానికే మౌస్ మొరాయిస్తే పట్టుకెళ్లాను. షాపులో అది బుద్ధిమంతురాలిలా పనిచేసింది. "ప్రూఫ్ ఏదక్కా?" అన్నాడు. అడగందే అమ్మయినా పెట్టదు, ప్రూఫ్ లేనిదే యాదగిరి మార్చడు. ఆ రోజు నుంచి నేను సాక్ష్యం లేకుండా ఫిర్యాదు చేయలేదు.

వచ్చి చూశాడు. "ఏందక్కా ఇవి? సాక్ష్యం ఒకటి, సాక్ష్యం రెండు..."

"రెండరింగ్ ఆగిన ప్రతిసారీ మొదటి నుంచి చివరిదాకా తెరని రికార్డు చేశాను. నా వ్యాఖ్యానంతో సహా. ఇప్పుడనండి ప్రూఫ్ ఏదని!"

"ఒక్కోటి ఏనుగంత ఉన్నదక్కా! డిస్క్ మొత్తం నిండింది. రికార్డు చేసినకొద్దీ జాగ తగ్గుతది, జాగ తగ్గినకొద్దీ రెండర్ జల్ది ఆగుతది. ఇంట్ల మొత్తం సాక్షులే కూసుంటే కృష్ణుడు యాడ నిలవడాలె? డిలీట్ చెయ్యి."

"ఛస్తే చెయ్యను."

అప్పుడు గుమ్మంలో మామగారు కనిపించారు. కిరీటం కొలత చూసుకుంటున్నారు. "అమ్మాయ్, కాకపోతే వదిలెయ్. తెర లేకుండానే చేస్తాను. భటుడిగా ఎన్నడూ తెర లేదుగా" అన్నారు.

కరిగిపోయాను. అన్నీ తుడిచేశాను. సరే, ఒక్కదాని చివరి అర నిమిషం తప్ప. యాదగిరి కంటపడకుండా దాన్ని పెన్‌డ్రైవ్‌లో దాచాను. గంటలో రెండరింగ్ పూర్తయింది. ఆ వీడియోనీ అదే పెన్‌డ్రైవ్‌లో వేసి, యాదగిరిని కూడా నాటకానికి పిలిచాను.

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. మామగారు చేయెత్తారు. "కనుము నా విశ్వరూపము!"

తెర మీద ఒక గీత పాక్కుంటూ వచ్చి ముప్పై ఒక్క శాతం దగ్గర ఆగింది. హాలంతా నా గొంతు: "చూశారా! ఈ యాదగిరి అమ్మిన డబ్బా కంటే మా అప్పడాల డబ్బా నయం. అవతల మామగారేమో కుక్కర్లా ఒకటే కూత!"

పెన్‌డ్రైవ్‌లో ముందు కనిపించిన దాన్నే హాలు ఆపరేటరు నొక్కాడు. దుర్యోధనుడు నవ్వాపుకోలేక సింహాసనం వెనక్కి పోయాడు. మామగారు మాత్రం వెనక్కి తిరిగి తెర చూసి, తాపీగా అందుకున్నారు.

"చూచితివా సుయోధనా! ముప్పది యొక్క శాతమునకే యంత్రము మూర్ఛిల్లినది. పూర్తి రూపమును నీ వేమి తాళగలవు!"

ఇరవై ఏళ్లలో ఆయనకి పడని చప్పట్లన్నీ ఆ ఒక్క నిమిషంలో పడ్డాయి.

బయట యాదగిరి నవ్వుతూ నిలబడ్డాడు. "ఇగ ప్రూఫ్ ఉన్నదక్కా. హాలంత సాక్షులే."

కనుక, ఆ తెర సాక్షిగా, నా కంప్యూటరులోని మిగిలిన జాగా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ఫిర్యాదునూ వీడియో తీయను. నోట్‌బుక్కులో రాస్తాను. మొదటి పేజీలో ఆ మౌస్ సంగతి ఇప్పటికే రాశాను.