మధ్య సీటు

సినిమా పండుగ మొదటి రోజు నేను రెండు దస్తీలు పట్టుకొని ఇంట్లోంచి బయలుదేరాను. ఒకటి జేబులో ఉండగా రెండోది ఎందుకని మా ఆవిడ అడిగింది. ఎండకని చెప్పాను. ఆమె నమ్మలేదు, కానీ తరచి అడగలేదు. పాతికేళ్ల సంసారంలో ఆమెకు అబ్బిన మంచి గుణం అది.

దస్తీ, అంటే చేతిరుమాలు, సంగతి మా బస్టాండు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి దస్తీ విసిరితే ఆ సీటు మనది. ఆ తర్వాత ఎంత పెద్దమనిషి ఎక్కినా దాన్ని పక్కకు నెట్టి కూర్చోడు. కూర్చుంటే జగడమే. యూనివర్సిటీలో చదివే రోజుల్లో మేం ముగ్గురం ఎక్కడికి పోయినా కలిసే పోయేవాళ్లం. ముగ్గురిలో పరుగెత్తగలిగేవాణ్ని నేను. కాబట్టి దస్తీలు వేసే పని నాది, వెనక నుంచి తాపీగా వచ్చి కూర్చునే పని వాళ్లది. నాకు అటొకడు, ఇటొకడు. మధ్య సీటు ఎప్పుడూ నాదే.

అటు కూర్చునేవాడు ఇప్పుడు వకీలు. రాష్ట్రం వచ్చాక ఒక పార్టీలో చేరి అరడజను తెల్లచొక్కాలు కుట్టించుకున్నాడు. ఇటు కూర్చునేవాడు సర్కారు బడిలో టీచరు. మేం సారు అంటాం, మొదట్లో ఎగతాళికి, తర్వాత అలవాటుగా. నేను కరెంటాఫీసులో గుమాస్తాను, అప్పుడప్పుడు కథలు రాసి పత్రికలకు పంపుతుంటాను. ఉద్యమం రోజుల్లో ముగ్గురం ఒకే టెంటు కింద కూర్చున్నాం, పోలీసులు ముగ్గురినీ ఒకే వ్యానులో ఎక్కించారు. తర్వాత ఎవరి దారి వాళ్లదైనా, ఫోన్లో ముగ్గురికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. దాని పేరు ‘ఆఖరి సీటు’. అందులో వకీలును సారు తిట్టేవాడు, సారును వకీలు తిట్టేవాడు, నేను ఇద్దరికీ నవ్వే బొమ్మలు పెట్టేవాణ్ని.

మూడేళ్ల కింద ఆ గ్రూపులో సారు నాలుగు ముక్కలు రాశాడు. పై అధికారి తనిఖీకి వస్తున్నాడని వాళ్ల బడికి ముందు గోడ వరకే సున్నం వేశారట. పక్క ఊరి బడి నుంచి ట్రాక్టరులో బెంచీలు తెచ్చి, ఆయన కారు మలుపు తిరగ్గానే అదే ట్రాక్టరులో పంపేశారట. ‘గంటసేపు బెంచీల మీద కూసున్న పిల్లలు, సారూ, రేపు గూడ పెద్దసారు వస్తడా అని అడిగిన్రు’ అని ముగించాడు. చదివి నేను నవ్వాను, తర్వాత కళ్లు తుడుచుకున్నాను. నాకు ఆగలేదు. మా కాలనీలో పొద్దున నడిచేవాళ్ల గ్రూపు ఒకటి ఉంటే అందులో పెట్టేశాను. ఊరికే పెట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదేమో. ‘మా దోస్తు రాసిండు చూడండి, ఫలానా ఊరి బడి’ అని పైన ఒక లైను తగిలించాను. ఇట్లాంటి దోస్తు నాకున్నాడని గొప్ప చూపించుకోవడానికి.

సాయంత్రానికి బుద్ధొచ్చి తీసేశాను. అప్పటికే ఎవరి ఫోన్లోంచి ఎవరి ఫోన్లోకి పోయిందో, వారం తిరగకముందే ఆ ముక్క అధికారి టేబుల్ మీద ఉంది. సారును వర్ధన్నపేట అవతల ఎక్కడో లోపలి ఊరికి పంపించారు. పొద్దున ఆరింటికి బయలుదేరి రెండు బస్సులు మారాలి. మా గ్రూపులో ఉన్నది ముగ్గురం. అధికారులతో తిరిగేది వకీలు. సారు ఇంకెవరిని అనుకుంటాడు?

"నువ్వే పంపినవు," అన్నాడు సారు, మా ఇంట్లోనే, నా ముందరే.

"నేను గంత బేకార్ మనిషి లెక్క కనవడుతున్ననా నీకు?" అన్నాడు వకీలు. చాయ్ సగంలో వదిలి వెళ్లిపోయాడు.

వకీలు పోయాక సారు నన్ను అడిగాడు: "నువ్వు చెప్పురా, వాడు కాకుంటే ఇంకెవడు?"

"ఏమో," అన్నాను. నా జీవితంలో నేను ఆడిన అబద్ధాలన్నిటిలోకీ ఆ రెండక్షరాలదే పెద్ద పీట.

ఆ రాత్రికే వకీలు గ్రూపులోంచి తప్పుకున్నాడు, వారానికి సారు కూడా. నేనొక్కణ్నే మిగిలాను. ఇప్పటికీ ఆ గ్రూపు నా ఫోన్లో ఉంది, సభ్యుడు ఒకడు. కాలనీవాళ్ల ముఖాలు చూడలేక పొద్దున నడక మానేశాను. షుగర్ పెరిగింది. నడవమని డాక్టరు చెబుతాడు, ఎందుకు నడవడం లేదో ఆయనకు చెప్పలేను.

చెప్పేయాలని అనుకోని రోజు లేదని రాస్తే అది ఇంకో అబద్ధం. చాలా రోజులు అసలు గుర్తే రాలేదు. గుర్తొచ్చిన రోజు మాత్రం ముద్ద దిగేది కాదు. రంజాన్‌కు సారు వాళ్లమ్మ షీర్ ఖుర్మా రెండు డబ్బాలు పంపిస్తుంది, ఒకటి నాకు, ఒకటి వకీలుకు. వాడి డబ్బా వాడింట్లో ఇచ్చి రావడం ఎప్పుడూ నా పనే. గొడవైన ఏడు కూడా ఆ పెద్దమ్మ అలవాటు కొద్దీ రెండు పంపింది. ఏం చేయమంటావని సారుకు ఫోన్ చేస్తే "వాంది గూడ నువ్వే తిను" అన్నాడు. తిన్నాను. మూడేళ్లూ తిన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు అంటారు కదా, నన్ను కుట్టింది షీర్ ఖుర్మా.

ఈ ఏడు హనుమకొండలో కొందరు మిత్రులు ఒక హాలు తీసుకొని మూడు రోజుల సినిమా పండుగ పెట్టారు. అన్నీ రాజకీయ సినిమాలే. ముందురోజు వకీలు ఫోన్ చేశాడు: "అరేయ్, నేను కోర్టు నుంచి సీదా వస్తాన, సీటు ఆపు." గంటకు సారు ఫోన్: "బస్సు దిగి వచ్చేసరికి లేటయితదిరా, జర సీటు ఆపు." ఇద్దరికీ సరే అన్నాను. ఒకడు వస్తున్న సంగతి ఇంకొకడికి చెప్పలేదు. ఇద్దరూ లైట్లు ఆర్పాక వస్తారు, చీకట్లో పక్కనెవరో చూసుకోరు, సినిమా అయ్యేలోపు ఏదో ఒకటి జరుగుతుంది. యాభై దాటిన మనిషి వేసిన పథకం ఇది.

హాల్లో కుర్చీలు ఒకదానికొకటి ఆనించి వరుసలు వేశారు. మా వరుస ఒక కొస గోడకు తగిలింది. కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు, గాలి ఆడడానికి ఉన్నది ఒక్క తలుపు. గోడ పక్క కుర్చీ మీద ఒక దస్తీ, ఇంకోవైపు ఒక దస్తీ వేసి నడుమ కూర్చున్నాను. మన దగ్గర ఏ సభ చెప్పిన వేళకు మొదలైంది గనుక ఇది మొదలవుతుంది. లైట్లు ధగధగా వెలుగుతుండగానే వకీలు వచ్చి గోడ వైపు కూర్చున్నాడు. రెండు నిమిషాలకు సారు వచ్చాడు. నా దస్తీ చేతిలోకి తీసుకున్నాక వకీలును చూశాడు.

తిరిగి వెళ్లిపోతాడనుకున్నాను. కానీ వెనక వరుసలన్నీ నిండిపోయాయి, రెండు బస్సులు మారి వచ్చిన మనిషి. కూర్చున్నాడు. దస్తీ మడిచి నా ఒళ్లో పెట్టాడు.

"వీడు వస్తాండని చెప్పలే నాకు," అన్నాడు వకీలు తెర వైపు చూస్తూ.

"నాకు గూడ చెప్పలే," అన్నాడు సారు తెర వైపే చూస్తూ.

మూడేళ్లలో వాళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలబడడం అదే మొదలు.

ఎక్కడో చలిదేశపు సినిమా. బొగ్గుగని కార్మికులు సమ్మెలో ఉంటారు. వాళ్లలో ఒకడు అందరి పేర్లూ కంపెనీకి చేరవేస్తుంటాడు. ఎవడో మనకు సగంలోనే తెలిసిపోతుంది, వాళ్లకు తెలియదు. అనుమానం వేరొకడి మీద పడుతుంది. చేరవేసినవాడు మాత్రం రోజూ అదే బల్ల దగ్గర అందరితో కలిసి రొట్టె తింటుంటాడు. నిర్వాహకులు పంచిన కాగితంలో ‘కార్మిక సమస్యపై మంచి చిత్రం’ అని మాత్రమే ఉంది. ఇంకొంచెం వివరంగా రాసుంటే నేను ఇంట్లో ఉండేవాణ్ని.

మాకు ఒక పాత పద్ధతి ఉంది. చదువుకునే రోజుల్లో ఫిల్మ్ క్లబ్బులో కింద ఇంగ్లీషు అక్షరాలు పడే సినిమాలు చూసేవాళ్లం. ముగ్గురిలో ఇంగ్లీషు గడగడా చదవగలిగినవాడు వకీలొక్కడే. వాడు నా చెవిలో తెలుగులో చెప్పేవాడు, నేను సారు చెవిలో చెప్పేవాణ్ని. ఇప్పుడు ముగ్గురికీ ఇంగ్లీషు వచ్చు. అయినా కాసేపటికి వకీలు నా వైపు వంగాడు. వాడికి తెలియకుండానే వంగాడనుకుంటాను.

"మన పేర్లు కంపెనీకి ఎట్ల తెలిసినయని అడుగుతాండు," అన్నాడు.

ఇటు నుంచి సారు తల వంగింది. చెవి పెట్టి ఆగాడు. నాకు తప్పలేదు.

"మన పేర్లు కంపెనీకి ఎట్ల తెలిసినయంటాండు," అన్నాను.

అట్లా గంటసేపు. వకీలు నోటి నుంచి నా చెవికి, నా నోటి నుంచి సారు చెవికి. సినిమాల్లో చేరవేసేవాడికి భయమో ఆశో ఏదో ఒక పెద్ద కారణం ఉంటుంది. నాకు అది కూడా లేదు. దోస్తు మీది ప్రేమతో దోస్తు కొంప ముంచినవాడి మీద ఎవరూ సినిమా తీయరు. తెర మీద ముసలి తల్లి ఒకామె గిన్నెలు సర్దుతూ ఏదో అంది. "మీ బల్ల మీద తినేటోడే చెప్పిండు అంటాంది," అన్నాడు వకీలు. నేను సారు వైపు తిరిగి, "ఏం లేదు, తినుటానికి పిలుస్తాంది," అన్నాను.

సారు తెర మీంచి చూపు తిప్పలేదు. "గది కాదు గదరా ఆమె అన్నది," అన్నాడు మెల్లగా.

బాత్రూంకని లేవబోయాను. సారు మోకాళ్లు జరపలేదు. నా మణికట్టు పట్టుకొని, "అయిపోవస్తాంది, కూసో," అన్నాడు. కూర్చున్నాను. ఇటు సారు, అటు వకీలు, వాడి అవతల గోడ.

లైట్లు వేశారు. మన సభల్లో ఒక ఆచారం, చూసినవాళ్లందరూ తలా రెండు ముక్కలు మాట్లాడాలి. మైకు మా వరుసలో గోడ వైపు నుంచి మొదలైంది. వకీలు సమ్మెల చరిత్ర చెప్పాడు, చట్టం చెప్పాడు, ఆఖరున, "చెయ్యని తప్పుకు మాటవడ్డ ఆ మనిషి మొఖం సూస్తే మాత్రం నాకు మింగుడు పడలే," అని ముగించాడు. మైకు నా చేతికిచ్చాడు.

అంతకంటే మంచి సమయం మళ్లీ రాదని నాకు తెలుసు. ‘నేనే పంపిన.’ సరిగ్గా రెండే ముక్కలు. నోరు తెరిచాను.

"ఫోటోగ్రఫీ బాగుంది," అన్నాను. "మంచు మంచిగ తీసిన్రు."

మైకు సారు చేతిలో పెట్టేశాను. సారు లేచి నిలబడ్డాడు. సినిమా గురించి ఏమీ మాట్లాడలేదు.

"మూడేండ్ల కింద నేనొక దోస్తును అనుమానపడ్డ. నా దగ్గర సబూత్ లేదు. తెల్లచొక్కా తొడిగిండు, ఆఫీసర్లతోని తిరుగుతాండు, గంతే నా సబూత్. చేసినోడెవడో నాకు తెల్వది. తెలుసుకునే అవసరం గూడ ఇప్పుడు లేదు. గీ సినిమా చూసినంక వాన్ని మాఫీ అడగకుంట నేను ఇంటికి పోలేను."

కూర్చొని, నా ముందు నుంచి చెయ్యి చాపాడు. వకీలు ఆ చెయ్యి పట్టుకున్నాడు. రెండు చేతులూ నా ఒళ్లో, మడిచిన దస్తీ మీద ఉన్నాయి. కోర్టులో అంత గొంతు చేసుకునే మనిషి చప్పుడు లేకుండా ఏడ్చాడు.

నాకు సంతోషమైంది. అది నిజం. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. అంతవరకు, నేను చెబితే విడిపోయిన ఇద్దరు కలుస్తారని ఒక మంచి కారణమైనా ఉండేది. ఇప్పుడు వాళ్లు నేను చెప్పకుండానే కలిశారు. ఇక చెబితే పోయేది నేనొక్కణ్నే.

బయట చాయ్ దగ్గర వకీలు నా భుజం మీద చెయ్యేశాడు. "ఇద్దరికి చెప్పకుంట దస్తీలేసిండు సూడు. వీడు లేకుంటే మనం కలుస్తుంటిమా?"

"ఈసారి రంజాన్‌కు నీ డబ్బా నీకే వస్తది," అన్నాడు సారు. "మూడేండ్ల సంది వీడే తింటాండు."

ముగ్గురం నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

రెండో రోజు జ్వరమని చెప్పి పోలేదు. మూడో రోజు వకీలు ఫోన్ చేసి, "నువ్వు లేకుంటే వీనికి సినిమా సమజైతలేదట, రా," అన్నాడు. కావాలనే ఆలస్యంగా పోయాను. సీటు లేదని తిరిగి రావచ్చని ఆశ. సినిమా మొదలైంది, జనం గోడల వెంట నిలబడి చూస్తున్నారు. మా వరుసలో మాత్రం ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అటు వకీలు, ఇటు సారు. కుర్చీ మీద దస్తీ. ఇన్నేళ్లలో నా కోసం ఎవరైనా దస్తీ వేయడం అదే మొదటిసారి.

పోయి కూర్చున్నాను. అటు నుంచి వకీలు వంగాడు. ఇటు నుంచి సారు చెవి పెట్టాడు.

ఇందులో ఎవరి పేరూ రాయలేదు. రాయక్కర్లేదు, గ్రూపులో ఉన్నది ముగ్గురమే. ఇది అచ్చయితే ఇద్దరూ చదువుతారు, నేను రాసింది ఏదీ వాళ్లు వదలరు. మైకు ముందు పలకని రెండు ముక్కలు ఇవే, నేనే పంపిన. వచ్చే రంజాన్‌కు నాకు డబ్బా వస్తుందో రాదో తెలియదు. వచ్చే ఏడు పండుగకు మాత్రం అందరికంటే ముందు పోయి అటొక దస్తీ, ఇటొక దస్తీ వేసి కూర్చుంటాను. ఈ సీట్లలో మనుషులున్నారా అని ఎవరైనా అడిగితే, ఉన్నారనే చెబుతాను.