తేసిక్ బావ ఎయిర్ ప్యూరిఫయర్ కొన్న వైనం

మా తేసిక్ బావ ఏ వస్తువునైనా దుకాణంలోనే వాడి చూడనిదే కొనడు. అలా చూడటమంటే అటూ ఇటూ తిప్పి చూడటమనుకునేరు. గొడుగు కొనేముందు దాన్ని పార్కు ఫౌంటెన్ కిందికి తీసుకెళ్లి నిలబడ్డాడు, దుకాణంవాడు ఒడ్డున నిలబడి లబలబలాడుతుంటే. పరుపు కొన్ననాడు దాని మీద గుర్రుపెట్టి నిద్రపోయాడు. షట్టర్ దించేవేళ నలుగురు పట్టి లేపాల్సి వచ్చింది. రైస్ కుక్కర్‌కైతే ఇంటినుంచి బియ్యం పట్టుకెళ్లి, వండించి, అమ్మేవాళ్లకే వడ్డించాడు. మా సోక్రాన్ అక్కను చేసుకునేముందు ఏం పరీక్ష పెట్టాడని అడిగితే మాత్రం, "పెట్టింది నేను కాదు" అంటాడు.

ఆ వసంతంలో సియోల్ మీద ఎడారుల నుంచి కొట్టుకొచ్చే పసుపుదుమ్ము విరుచుకుపడింది. ఎదురుగా ఉండే కొండ మాయమైంది. బాల్కనీలో ఆరేసిన తెల్లచొక్కాలు పసుపు రాసినట్టయ్యాయి.

"ఊరందరి ఇళ్లలోనూ ఎయిర్ ప్యూరిఫయర్ ఉంది, మనకే లేదు," అంది అక్క. "పైగా అమ్మ వస్తోంది."

అమ్మకు మోకాలి ఆపరేషనైంది. వసంతమంతా ఇక్కడే ఉండి వ్యాయామం చేయించుకోకపోతే కాలు ముడుచుకుపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. అమ్మేమో పెద్దక్క ఇంట్లో నాలుగు రోజులుండి, "ఊపిరాడటం లేదు" అని తన ఊరు సున్‌చాంగ్‌కి బస్సెక్కేసింది. ఎంత బతిమాలినా, "రెండు రోజులుంటా, అంతే," అని ఇప్పుడు చిన్నక్క సోక్రాన్ ఇంటికి బయల్దేరుతోంది.

బావకు తోడుగా నన్ను పంపింది అక్క. ఆయన చంకలో టిఫిన్ డబ్బా ఉంది.

"అదేంటి బావా?"

"చంగుక్‌జాంగ్."

నేను రెండడుగులు దూరం జరిగాను. పులియబెట్టిన సోయాగింజల పులుసది. నోటికి అమృతం, ముక్కుకి వారంరోజులు విప్పని మేజోడు.

మొదటి దుకాణంలో కుర్ర సేల్స్‌మాన్ నిలువెత్తు యంత్రం చూపించాడు. బావ మూత తీశాడు. పక్కనున్న దంపతులు టీవీల వైపు పారిపోయారు. యంత్రం భగ్గున ఎర్రలైటు వెలిగించి, విమానంలా మోత పెట్టింది.

"చూశారా సార్! క్షణంలో పట్టేసింది!" అన్నాడు కుర్రాడు, ముక్కు మూసుకునే.

"పట్టేసిందయ్యా. అంత గోల చేయాలా?"

"గాలి చెడిందని మీకు తెలియాలి కదా సార్."

"నాకు ముక్కుంది," అని బావ మూత పెట్టేశాడు.

రెండో దుకాణంలో యంత్రం ఎర్రబడటమే కాక, "గాలి నాణ్యత చాలా చెడ్డగా ఉంది" అని ఆడగొంతుతో ప్రకటించింది. బావ దాన్ని మూడుసార్లు కోపంగా చూసి బయటికి నడిచాడు.

"బావా, మంచివన్నీ కాదంటావేం? ఇంక జనం మనల్ని తంతారు!"

"తన్నేలోగా ఇంకోటి చూద్దాం పద."

మూడో చోట మూలన బట్టకప్పి పెట్టిన పెట్టె ఒకటి దొరికింది. లైటు లేదు, మాట లేదు, ఒక్క మీట. బావ వెనక పలక ఊడదీసి, ఫిల్టర్ దట్టమైనదేనని చూసుకుని, ఆన్ చేసి డబ్బా తెరిచాడు. పెట్టె తన మానాన తాను గురగురలాడుతూ ఉండిపోయింది. కాసేపటికి వాసన తగ్గింది.

"అది పాతది సార్. దానికి మంచిగాలో చెడ్డగాలో తెలీదు," అన్నాడు యజమాని.

"నాక్కావలసింది అదే!" అన్నాడు బావ, పెళ్లికూతురు నచ్చిన మొహంతో.

పెట్టె చూసి అక్క తల పట్టుకుంది. "ఇంత తిరిగి తెచ్చింది ఈ మూగదాన్నా?"

మర్నాడు అమ్మ వచ్చింది. కర్ర పట్టుకుని, గడపలోనే ఆగి, లోపలికి తొంగి చూసింది.

"మీ ఇంట్లోనూ ఉందా ఆ పెట్టె?"

"ఉందత్తయ్యా. రండి," అన్నాడు బావ.

అమ్మ గోడవారగా, పిల్లిలా నడిచింది. పెట్టె దాటింది. వెనక్కి తిరిగి చూసింది. కావాలని మళ్లీ ఒకసారి దాటింది. పెట్టె ఉలకలేదు, పలకలేదు. బిగుసుకున్న అమ్మ భుజాలు సడలాయి.

బావని వంటింట్లోకి లాక్కెళ్లి, ఈ మూగపెట్టెనే ఎందుకు కొన్నావని నిలదీశాను.

"సంవత్సరాదికి మీ పెద్దక్క ఇంటికెళ్లాం గుర్తుందా?" అన్నాడు మెల్లగా. "అత్తయ్య గదిలోకి వచ్చినప్పుడల్లా వాళ్ల యంత్రం ఎర్రబడి రంకెలేసేది. జీవితమంతా సోయాగింజలు ముద్దలు కట్టి పులియబెట్టిన మనిషి, ఒంటికి ఆ వాసన ఉండదూ? పిల్లలు 'అమ్మమ్మ అలారం' అని నవ్వారు. ఆవిడా నవ్వింది. తర్వాత బాల్కనీలోకి వెళ్లి, స్వెట్టర్ చెయ్యి వాసన చూసుకుంది."

వెనకే నిలబడి విన్న అక్క పొయ్యి మీద మట్టిగిన్నె పెట్టి, "అమ్మా, ఇవాళ చంగుక్‌జాంగ్ నువ్వే చెయ్యి," అని పిలిచింది.

అందరం భోజనాలకు కూర్చున్నాక అమ్మ ఊరికి ఫోన్ చేసి, పక్కింటావిడతో గట్టిగా అంది:

"మిగతా సోయాముద్దలు కూడా బస్సులో వేసెయ్యవే. నేనిక్కడే ఉంటున్నా. ఇక్కడ గాలి బాగుంది."

కిటికీ అవతల ఎదుటి బిల్డింగు కూడా కనబడటం లేదు.