చింపిన నాలుగు కాగితాలు

వకీలమ్మ ఆఫీసులో పెద్ద గుమాస్తా పొద్దున్నే తలుపు తీయగానే, దేవుడికి దణ్ణం పెట్టుకున్నంత శ్రద్ధగా గోడ క్యాలెండరులో నిన్నటి కాగితం చింపేవాడు. ఏ పని ఏ రోజుకి కావాలో ఆ రోజు కాగితం మీదే రాసుకోవడం ఆయన ముప్ఫయ్యేళ్ల అలవాటు. భార్యకు ఆపరేషనై మూడు రోజులు రాలేదు. వచ్చిన ఉదయం, అంతకుముందు చివరగా వచ్చిన రోజుదీ కలిపి నాలుగు కాగితాలూ ఒక్కసారే చింపి బుట్టలో వేశాడు. క్లయింట్ల సొమ్ము ఉంచే ట్రస్టు ఖాతాకి ఆడిట్ నివేదిక పంపాల్సిన గడువు వాటిలో మూడోదాని మీద రాసి ఉంది.

వారం తిరక్కుండా బార్ కౌన్సిల్ నుంచి నోటీసు వచ్చింది. సంజాయిషీ నచ్చకపోతే వకీలమ్మ లైసెన్సు ఆపేస్తారట. ఆమె "పొరపాటు నాదే" అని జవాబు రాసి, ఆయనకి మంచినీళ్లిచ్చింది.

"నావల్ల అని రాయండమ్మా."

"రాసినా ఒప్పుకోరండీ, ఖాతా నా పేరున ఉంది. నాలుగు రోజుల్ని ఒక్క గుటకలో మింగేశారు, పోనివ్వండి. పిన్నిగారు లేచి తిరుగుతున్నారా?"

ఆయన తలూపాడు. గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు.

"ఒక్క సాయం చెయ్యండమ్మా. రేపట్నుంచి ఆ కాగితం మీరు చింపండి."